షహానియా దాటాక, కుడి పక్కన

దోహా నుంచి దుఖాన్ పోయే దారిలో, ఒంటెల పందేలకు పేరుపడ్డ షహానియా వస్తుంది. అది దాటి కొంచెం దూరం పోయాక కుడి పక్కన, రోడ్డు దిగి బండి ఆపుకునేంత చదును నేల ఉండేది. అక్కడికి ఊరి లైట్లు వెనకబడేవి. కరెంటు తీగలు రోడ్డుకు ఎడంగా జరిగేవి. ఎదురుగా, ఒంటెలు రోడ్డెక్కకుండా కట్టిన ఇనుప తీగల కంచె, దాని వెనక చీకటి. చలికాలం తెల్లవారుజామున నాలుగు దాటాక అక్కడ ఇంజన్ బందు చేసి, రేడియో ముల్లును 70కీ 80కీ నడుమ వెంట్రుకవాసి జరిపితే హైదరాబాద్ వచ్చేది.

రోజూ వచ్చేది కాదు. వారంలో రెండు పొద్దులు వస్తే అది మంచి వారం. వచ్చినా నిలకడ ఉండేది కాదు. బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు దగ్గరవుతూ, దూరమవుతూ ఉండేది. అదే చోట ఒక అరబ్బీ గొంతు అడుగునుంచి ఉబికి వచ్చి మన గొంతును కప్పేసేది. అయినా భక్తిరంజనిలో సగం పాటో, వార్తల్లో నాలుగు ముక్కలో చెవిన పడేవి. ఆ నాలుగు ముక్కల కోసం పదకొండు చలికాలాలు అక్కడ బండి ఆపాను.

నేను కోరుట్ల నుంచి ఖతర్ పోయింది 1998లో. కంపెనీ క్యాంపు దోహా శివారు సనయ్యలో. కాగితాల్లో దాని పేరు ఇండస్ట్రియల్ ఏరియా అయినా, అక్కడి బతుకంతా సనయ్య అనే మాటతోనే నడుస్తుంది. నా పని మెస్ బండి నడపడం. తెల్లారి మూడున్నరకు పప్పు గిన్నెలు, ఖుబ్బూసు రొట్టెల సంచులు, చాయ్ క్యాన్లు ఎక్కించుకుని ఎనభై కిలోమీటర్ల అవతల దుఖాన్ సైటులో దించాలి. ఐదున్నరకు డ్యూటీ మొదలు, ఐదుంబావులోపల టిఫిన్ చేరాలి. బండి పాత పెట్రోల్ హైలక్స్ పికప్. దాని డ్యాష్‌బోర్డులో రెండు గుండ్రటి మీటలూ, ఒక ఎర్ర ముల్లూ ఉన్న రేడియో. అంకెలు అరిగిపోయి 70, 80, 100 మాత్రం కనబడేవి.

మొదట్లో ఆ రేడియోలో నాకు వినబడింది ఇంజనే. టకటకమని ఒకటే కొట్టుడు, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ వేగం పెరిగేది. రేడియో చెడిపోయిందనుకున్నాను. సనయ్యలో ఒక మలయాళీ మెకానిక్ ఉండేవాడు, మేమంతా చేట్టా అని పిలిచేవాళ్లం. ఆయన బానెట్ ఎత్తి ప్లగ్గుల తీగలు చూపించాడు. ప్లగ్గులో రాలే ప్రతి నిప్పురవ్వా ఒక చిన్న రేడియో స్టేషన్ లాంటిదేనట, ఎక్కడో దూరాన పుట్టిన గొంతు కంటే అదే యాంటెన్నాకు దగ్గర. 1930లో అమెరికాలో గాల్విన్ అన్నదమ్ములు కారులో రేడియో పెట్టి దానికి మోటరోలా అని పేరు పెట్టారు. నిప్పురవ్వకూ రేడియోకూ తగాదా ఆ రోజుల నుంచీ ఉన్నదే. చేట్టా తీగలు మార్చాడు, చప్పుడు సగం తగ్గింది. మిగతా సగానికి మందు ఇంజన్ బందు చెయ్యడమే అన్నాడు. డీజిల్ బండి వాళ్లకు ఈ బాధ లేదు, డీజిల్ ఇంజన్‌కు ప్లగ్గు నిప్పురవ్వతో పనే లేదు కదా.

ఆయనే ఇంకొకటి పట్టుకున్నాడు. యాంటెన్నా కడ్డీ కొసను నేను వేళ్లతో పట్టుకుంటే గొంతు పెరుగుతోంది, వదిలితే పడిపోతోంది. కడ్డీ మొదలు విప్పి చూపించాడు. రేకు మీద తెల్లటి పొడి, దాని కింద పచ్చగా చిలుము. సముద్రపు ఉప్పుగాలి, ఆగస్టులో ఒళ్లంతా తడిపే ఉక్క, రెండూ కలిసి ఆ చిన్న బోల్టును తినేశాయి. "ఎర్త్ గయా" అన్నాడు. గరుకు కాగితంతో రేకు తళతళలాడేదాకా రుద్ది, గ్రీజు పూసి, మళ్లీ బిగించాడు. నాలుగు నెలలకొకసారి నేనే ఆ పని చేసుకునేవాణ్ణి. ఇప్పటికీ ఆ గరుకు కాగితం రుద్దుడు నా చూపుడువేలికి గుర్తుంది.

చేట్టా వాళ్లకు రాస్ అల్ ఖైమా నుంచి రేడియో ఏషియా ఉండేది, మలయాళంలో. మీడియం వేవ్ ఉప్పునీటి మీద చాలా దూరం పోతుంది. అక్కడికీ దోహాకూ నడుమ ఎక్కువ భాగం సముద్రమే కాబట్టి వాళ్ల గొంతు పగలూ అందేది. మన తెలుగు అలా రాదు. హైదరాబాద్‌కూ దోహాకూ నడుమ రమారమి మూడు వేల కిలోమీటర్లు. అంత దూరం రావాలంటే ఆకాశం మీదుగానే రావాలి. పగలంతా ఎండకు ఆకాశంలో కిందిపొర ఒకటి తయారై మీడియం వేవ్‌ను మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర చెదిరిపోతుంది, పైన ఇంకా ఎత్తున ఉన్న పొర ఆ తరంగాన్ని అద్దంలా తిప్పి కిందికి పంపుతుంది. అంటే ఇక్కడా చీకటి ఉండాలి, అక్కడా చీకటి ఉండాలి, అక్కడ రేడియో కూడా నడుస్తూ ఉండాలి.

ఈ మూడూ కలిసే వేళ చాలా చిన్నది. ఖతర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఖతర్‌లో మూడున్నర అంటే హైదరాబాద్‌లో ఆరు. భక్తిరంజని మొదలయ్యే వేళకు నేను సనయ్య దాటి వస్తూ ఉండేవాణ్ణి, ఇంజన్ చప్పుడులో ఏమీ తెలిసేది కాదు. ఆరూ నలభై అయిదుకు ప్రాంతీయ వార్తలు, నాకది నాలుగుంబావు. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్‌లో పొద్దు పొడిచేదీ ఇంచుమించు అప్పుడే. ఎండాకాలంలో అక్కడ ఐదూ ముప్పావుకే తెల్లారిపోతుంది కాబట్టి ఆశే లేదు. చలికాలంలో కూడా వార్తలు మొదలయ్యే వేళకే గొంతు పలచబడడం మొదలయ్యేది. రెండో వార్తకో మూడో వార్తకో నీళ్లలో ఉప్పులా కరిగిపోయేది. రేడియో పోయిందంటే ఇంటి దగ్గర పొద్దు పొడిచిందని నాకు లెక్క. ఈపాటికి అవ్వ వాకిట్లో సాన్పు చల్లుతుంటుంది, బాపు దొడ్లో బర్రెను విప్పుతుంటాడు అనుకుంటూ తాళంచెవి తిప్పేవాణ్ణి. నా చుట్టూ మాత్రం ఇంకో గంటన్నర చీకటే.

ఒక జనవరిలో తాళంచెవి తిప్పితే బండి మాట్లాడలేదు. చలికి హీటర్ ఫ్యాను వేసుకుని, దీపం కూడా వేసుకుని విన్నాను. ముసలి బ్యాటరీ పడుకుంది. ఆ దారిన అప్పట్లో ఆ వేళకు బండ్లు తక్కువ. ముప్పావు గంట చలిలో నిలబడ్డాక నీళ్ల ట్యాంకర్ నడిపే పఠాన్ ఒకాయన ఆగి, తన బ్యాటరీ నుంచి కేబుళ్లు కలిపి లేపాడు. సైటుకు చేరేసరికి ఆరు దాటింది. అందరూ ఖాళీ కడుపుతో పనిలోకి దిగారు. నాకు ఒకరోజు జీతం కోశారు. తప్పు నాదే, ఆ కోతకు నాకేమీ బాధ లేదు. వంద మంది ఆకలి నా మూలంగా అయిందే అన్నది మాత్రం గిన్నెలు దించుతుంటే తల ఎత్తనియ్యలేదు.

తొమ్మిదింటికి చాయ్ విరామంలో అందరూ వచ్చి కూర్చున్నారు. మాలో పెద్దాయన ఒకరు ఉండేవారు, సిరిసిల్ల దగ్గర కొదురుపాక ఆయనది. ఇనుప కడ్డీలు వంచే పని. మేమంతా కాకా అనేవాళ్లం.

"ఎందుకు లేటయింది డ్రైవరూ?"

"రేడియో విన్న కాకా. బ్యాటరీ పడుకున్నది."

ఎవరూ ఏమీ అనలేదు. ఖుబ్బూసు తుంచుతున్న చేతులు ఆగాయి.

"మన రేడియోనా?"

"హైదరాబాదు."

కాకా చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏం చెప్పిండ్రు?"

ఆ పొద్దు నా చెవిన పడింది ఒక్క ముక్కే. యాసంగికి శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాల్వకు నీళ్లు ఇడుస్తున్నరట అని చెప్పాను. ఎన్నో తారీఖు నుంచో చెప్పే లోపల గొంతు పోయింది. ఆ ఒక్క ముక్క మీద పావుగంట మాట్లాడుకున్నారు. కాల్వ కింద ఎవరికి ఎన్ని గుంటలున్నాయి, తూము ఎవరిది ముందు, కొసకు నీళ్లు అందుతాయా లేదా. కాకా బిడ్డ అత్తగారికి ఆ కాల్వ కింద ఎకరంన్నర ఉందట. ఆకలి సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ మర్నాటి నుంచి గిన్నె మూత తీసేలోపల ఎవరో ఒకరు అడిగేవారు, ఏం చెప్పిండ్రు అని. కాకా అయితే వరుసలో ముందుకొచ్చి ఖుబ్బూసు తీసుకోకుండా నా నోటికేసి చూస్తూ నిలబడేవాడు. ఏమీ రాలేదంటే, "సరే తియ్, రేపొస్తది" అనేవాడు. ఫోన్ బూత్‌ల్లో కార్డు పెట్టి ఇంటికి మాట్లాడితే నిమిషాలు నీళ్లలా ఖర్చయ్యే రోజులు. వారానికొకసారి మాట్లాడితే పిల్లల జ్వరాలు, చిట్టీ డబ్బులు, ఇంతే. ఊరి సంగతులకూ వానల సంగతులకూ ఆ కార్డులో చోటుండేది కాదు.

ఒకసారి మాత్రం నేను చెయ్యకూడని పని చేశాను. ఆ పొద్దు వార్తల్లో "మెట్‌పల్లి" అన్నది తేటగా వినబడింది, ఆ వెంట "బస్సు" అన్నదీ వినబడింది. అంతలో అరబ్బీ గొంతు లేచింది. సైటులో దిగగానే ఉన్నదున్నట్టు చెప్పేశాను. మెట్‌పల్లి వాళ్లు ఇద్దరున్నారు మాలో. ఒకాయన తమ్ముడు రోజూ బస్సులోనే కోరుట్లకు పనికి వచ్చేవాడు. ఆ రోజంతా ఆయన పనిచేసిన తీరు నేను మర్చిపోలేదు. సుత్తి పట్టుకుంటాడు, కింద పెడతాడు. సాయంత్రం క్యాంపుకు వచ్చాక బూత్ దగ్గర వరుసలో నేనూ ఆయన వెనక నిలబడ్డాను. ఏదో కొత్త బస్సు వేశారట, అంతే సంగతి. ఆయన ఫోన్ పెట్టేసి నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. ఊరి పేరున్న సగం వార్తను మళ్లీ ఎప్పుడూ సైటుకు మోసుకుపోలేదు.

అప్పటి నుంచి గొంతును ఇంకొంచెంసేపు నిలబెట్టుకోవాలన్న పట్టుదల వచ్చింది. ఒకరోజు రెండు మీటర్ల రాగితీగె తీసుకుపోయి, ఒక కొసను యాంటెన్నా కడ్డీకి చుట్టి, రెండో కొసను ఆ ఒంటెల కంచెకు తగిలించాను. కిలోమీటర్ల పొడవున పోయే కంచె. ఒక్కసారిగా ముల్లు ఎక్కడ పెట్టినా గొంతులే. ఇరాన్, సౌదీ, ఎక్కడెక్కడివో. హోరు కూడా పెరిగింది, అరబ్బీ గొంతు కూడా పెరిగింది. కానీ మన గొంతు అంతవరకు ఎన్నడూ లేనంత బలంగా లేచింది. ఆ పొద్దు వార్తలు దాదాపు చివరిదాకా విన్నాను. తీగె కొస కంచెకు తగిలేటప్పుడు చిన్న చిటపట వచ్చేది, అది వినగానే ఒళ్లు జలదరించేది. ఆ రాగితీగె సీటు కింద ఎప్పుడూ ఉండేది.

అట్లా ఖతర్ మొత్తం నాకు రేడియోతోనే తెలిసింది. చదునైన దేశం, ఎత్తైన చోటు కూడా వంద మీటర్ల మీద కొద్దిగా. అడ్డం లేకపోవడంతో దోహా ఎఫ్ఎం చాలా దూరం పోయేది. ఇంగ్లీషు స్టేషన్ 97.5 మీద, ఉర్దూ 107 మీద. ఉర్దూ వాళ్లు పాత హిందీ పాటలు వేసేవారు. సల్వా రోడ్డు మీద సౌదీ సరిహద్దు వైపు పోతుంటే అవి సన్నగిల్లి, సౌదీ గొంతులు చేరేవి. ఉత్తరాన రువైస్ వైపు పోతే మీడియం వేవ్ అంతా 954 మీది ఖతర్ అరబ్బీ స్టేషనే నిండిపోయేది. దాని టవర్లు అటే ఉండేవి, ముల్లు ఎటు జరిపినా దాని నీడ పడేది. దోహాలో వెస్ట్ బే మేడలు లేస్తున్న కొద్దీ అక్కడ ఎఫ్ఎం పాట తెగి తెగి వచ్చేది. ఒకే పాట నేరుగా ఒకసారి, గాజు గోడకు తగిలి ఇంకోసారి వచ్చి, ఒకదాన్నొకటి కొట్టేసుకునేది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పాట పూర్తిగా పోతే బండిని ఒక గజం ముందుకు జరిపేవాణ్ణి, తిరిగి వచ్చేది. పక్కన కూర్చున్నవాళ్లకు అదొక గారడీ.

ఎండాకాలపు రాత్రులు వేరు. సముద్రం మీద తడిగాలి, దాని మీద వేడిగాలి పొర దుప్పటిలా పరుచుకుంటే ఎఫ్ఎం ఆ రెంటి నడుమ ఇరుక్కుని నీళ్ల వెంబడి జారుకుంటూ వస్తుంది. అటువంటి రాత్రి సముద్రపు ఒడ్డు కార్నిష్ పక్కన నిలబడితే దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల నుంచి దుబాయ్ హిందీ స్టేషన్లు పక్కింట్లో మోగుతున్నట్టు వచ్చేవి. మా క్యాంపులో దుబాయ్‌లో అన్నదమ్ములున్నవాళ్లు ఉండేవారు. వాళ్లూ ఇదే పాట వింటుంటరు కావచ్చు అనుకుంటూ చెమటలు కారుతున్నా కూర్చునేవాళ్లు. అదే షమాల్ గాలి లేచి దుమ్ము కమ్మితే ఏదీ రాదు. ఎండిన ఇసుక కడ్డీకి కొట్టుకుని కొట్టుకుని దాంట్లో కరెంటు పుట్టిస్తుంది. రేడియోలో జొన్నలు వేగుతున్న చప్పుడు, కడ్డీ ముట్టుకుంటే వేలికి చురక్కుమనేది.

2008 దాటాక చిన్న యంత్రం ఒకటి వచ్చింది. సిగరెట్ లైటర్ రంధ్రంలో గుచ్చి, పెన్‌డ్రైవ్ పెడితే, అది తనే ఒక బుల్లి ఎఫ్ఎం స్టేషనై కారు రేడియోకు పాట పంపేది. మా లేబర్ బస్సు డ్రైవర్ జగిత్యాల తమ్ముడు దాన్ని 88.1 మీద పెట్టుకునేవాడు. వాడి వెనకే నా పికప్. వాడి బస్సులో బతుకమ్మ పాటలు మోగుతుంటే నా బండిలోనూ వినబడేవి. దూరం పెరిగితే పోయేవి, దగ్గరైతే వచ్చేవి. ఆ పాటలు తెగకుండా ఉండడానికి సద్దుల బతుకమ్మ రోజు దారి పొడవునా వాడి బస్సు వెనక చక్రాలు చూస్తూనే నడిపాను. "అన్నా, మరీ అంత దగ్గరికి రాకే, బ్రేకేస్తే గుద్దుతవ్" అని ఫోన్ చేశాడు. రామదా సిగ్నల్ దగ్గర పక్క కారువాడిది కూడా 88.1 అయితే, వాడి మలయాళం పాట వచ్చి మా గౌరమ్మను తోసేసేది. మీడియం వేవ్‌లో ఇద్దరు ఒకేచోట ఉంటే ఇద్దరూ కలిసి వినబడతారు. ఎఫ్ఎంలో అట్లా కాదు, బలమున్నవాడి గొంతే వస్తుంది, రెండోవాడు ఉన్నట్టే తెలియదు. ఆ యంత్రాలూ రెండు మూడేళ్లలో మా బండ్లలో కనబడకుండా పోయాయి.

2009లో పాత హైలక్స్‌ను తీసేశారు. కొత్త డీజిల్ పికప్ ఇచ్చారు. ప్లగ్గుల టకటక లేదు, నాకు పండగే అనుకున్నాను. తీరా చూస్తే దానిలో ముల్లు లేదు. మీట నొక్కితే అంకెలు పరిగెత్తి, బలమైన స్టేషన్ దగ్గరే ఆగుతాయి. హైదరాబాద్‌లాంటి బక్క గొంతును అది స్టేషన్‌గా లెక్కే పెట్టదు, దాటుకుపోతుంది. ఒక్కొక్క మెట్టు నొక్కుకుంటూ దాని చోటైన 738 మీద నిలబెట్టేవాణ్ణి. ఆ చలికాలమే దుఖాన్ దారి వెడల్పు పనులు మా చోటు దాకా వచ్చాయి. కంచె లోపలికి జరిగింది, దీపస్తంభాలు లేచాయి. నేను ఆగే చదును నేల కొత్త రోడ్డు కిందికి పోయింది. ఇంకొంచెం ముందుకు పోయి ఆపి చూశాను. స్తంభాల హోరు తప్ప ఏమీ లేదు. మళ్లీ మళ్లీ చూశాను. తర్వాత సెల్ ఫోన్ ఛార్జర్ పెట్టాక ఆ హోరుకు ఇంకో హోరు తోడైంది.

ఆ తర్వాత దోహా తనే మారిపోయింది. టీవీ రౌండబౌట్ పోయి సిగ్నల్ వచ్చింది, రెయిన్‌బో రౌండబౌట్ కూడా అట్లాగే పోయింది. అయినా ఆ పేర్లతోనే దారులు చెప్పుకునేవాళ్లం. 2017లో మలయాళానికి సొంత ఎఫ్ఎం స్టేషన్లు వచ్చాయి, హిందీకి కూడా వచ్చింది. చేట్టా వర్క్‌షాపులో రోజంతా మోగించేవాడు, నాకు ఆయన సంతోషం చూస్తే సంతోషమయ్యేది. మనదొకటి వస్తుందేమోనని నేనున్నన్నాళ్లూ మీటలు నొక్కి చూస్తూనే ఉన్నాను. అప్పటికే ఫోన్‌లో ఆకాశవాణి తేటగా వస్తోంది, పగలూ రాత్రీ, కరగకుండా, తెగకుండా. టిఫిన్ దించేటప్పుడు అందరి చెవుల్లో తీగెలు. వాళ్లకు ఊరి సంగతులు నాకంటే ముందే తెలుస్తున్నాయి. మంచిదే. మెట్‌పల్లి ఆయనకు ఆ రోజు ఆ ఫోన్ ఉండి ఉంటే ఎంత బాగుండేది.

2018లో ఇంటికి వచ్చేశాను. పాత హైలక్స్‌ను తుక్కుకు తోలే ముందు విప్పి దాచుకున్న యాంటెన్నా కడ్డీ పెట్టెలో తెచ్చుకున్నాను. దాని మొదలు దగ్గర చిలుము మరక ఇంకా ఉంది.

కాకా నాకంటే చాలా ఏళ్ల ముందే తిరిగి వచ్చాడు. 2019లో సిరిసిల్ల బస్టాండులో కనబడ్డాడు. బాగా ముసలివాడయ్యాడు, చేతిలో కర్ర. నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. గుర్తుపట్టాక మంచి చెడ్డ అడగలేదు.

"ఏం చెప్పిండ్రు డ్రైవరూ?"

పొద్దున ఇంట్లో రేడియో వినే బయల్దేరాను. మిడ్ మానేరు జలాశయంలోకి నీళ్లు వస్తున్నాయని చెప్పారు. చెప్పబోయి ఆగాను. కొదురుపాక ఆ నీళ్ల కిందికే పోయింది. ఆయన నా ముఖం చూసి తల ఊపాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, చాయ్ తాగుదాం రమ్మని హోటల్ వైపు నడిచాడు.